నలభయ్యో అడుగు

ఇంజనీరు సలహా అడిగాడు. తోటమాలిని కాదు, నల్లకళ్లద్దాల ముసలాయన్ని.

తోటమాలికి ఒళ్లు మండిపోయింది.

ఊరి నడిబొడ్డున ఉన్న ఆ పార్కులో ఇరవై రెండేళ్లుగా నీళ్లు పోస్తున్నది అతనే. ఇప్పుడు దాన్ని బాగుచేసి, నలుగురూ కూర్చుని మాట్లాడుకునే చోటుగా మారుస్తున్నారు. బల్లలు ఎక్కడ వెయ్యాలో అతనికి తెలియదా?

ముసలాయన రోజూ పొద్దున్నే వచ్చేవాడు. గేటు దగ్గర నుంచి ఏదో గొణుక్కుంటూ నడిచి, ఆగి, చేతికర్రతో నేల మీద పొడిచేవాడు. ఇంజనీరు అక్కడ మేకు దిగ్గొట్టించేవాడు. ఇక బల్ల అక్కడే.

ఒకరోజు తోటమాలి కావాలనే ఎదురెళ్లి, నిలబడి నవ్వాడు. ముసలాయన ముఖంలో ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"అంత పొగరేంటే ఆ మనిషికి?" అన్నాడు ఇంటికెళ్లి భార్యతో.

"ఆయనకి పొగరో, నీకు కడుపుమంటో," అందామె కూరగాయలు తరుగుతూ.

ఆ మాటతో మంట ఇంకాస్త ఎక్కువైంది.

మర్నాడు ఇంజనీరు సెలవు. ముసలాయన వెళ్లిపోగానే, మొక్కలకు నీళ్లు పెడుతున్నట్టు నటిస్తూ తోటమాలి మేకులన్నీ పీకేశాడు. తను పెంచిన పూలమొక్కల పక్కన పాతాడు. కూర్చున్నవాళ్లకు పూలు కనబడొద్దూ మరి!

మేస్త్రీ మేకులు చూసుకుని బల్లలు సిమెంటుతో బిగించేశాడు.

ప్రారంభం రోజు జనం ఆ బల్లల మీద కూర్చుని పూలను ఒకటే మెచ్చుకున్నారు. తోటమాలి మీసం మెలేశాడు.

అప్పుడొచ్చాడు ముసలాయన. వెనక ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని పదిమంది పిల్లలు. అందరూ కలిసి అడుగులు లెక్కపెడుతున్నారు.

ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది. నలభై.

ముసలాయన కుడివైపు తిరిగి కర్ర చాపాడు. ఏమీ తగల్లేదు. ఇంకాస్త వంగి చాపాడు.

పిల్లలు అలాగే నిలబడి ఉన్నారు.

తోటమాలి గబగబా దగ్గరికెళ్లాడు.

"తడిమట్టి వాసన వస్తోంది, తోటమాలి గారేనా?" ముసలాయన ముఖం అతని వైపు కాక పక్కకు తిరిగి ఉంది. "ఎవరి సాయం లేకుండా మా బడి పిల్లలు వాళ్లంతట వాళ్లే వచ్చి కూర్చోవాలని నెల రోజులు ఈ లెక్క నేర్పించానండి. వాళ్లలాగే నాకూ చూపు లేదు కదా, ఎక్కడో నేనే తప్పు లెక్కపెట్టుంటాను."