ఇంకో నాలుగు పెట్టండి

“సాయంత్రంలోగా నకళ్ళన్నీ తీసేయాలి!”

గదిలోంచి కోడలి గొంతు ఖంగుమంది. హాల్లో కూర్చున్న అత్తగారి చెవి దాకా వచ్చేసరికి ‘నకళ్ళు’ కాస్తా ‘నగలు’ అయిపోయాయి. ఆవిడ చటుక్కున చేతి గాజులు తడుముకుంది.

“ఎవరు తీస్తారో నేనూ చూస్తాను!” అంది గోడతో.

గోడకది అలవాటే. ఆ ఇంట్లో అందరూ గోడతోనే మాట్లాడతారు.

కోడలిది ఒక గది, కొడుకుది పక్క గది. ఇద్దరివీ ఇంటినుంచి చేసే ఉద్యోగాలే. మధ్యలో పల్చటి గోడ. ఒకరికి కాల్ వస్తే ఇంకొకరికి ఒళ్ళు కాలుతుంది. “నెమ్మదిగా మాట్లాడు” అన్న మాట మీద మొదలైన పోట్లాట పెరిగి పెరిగి, మొగుడూ పెళ్ళాల మధ్య అసలు మాటలే లేకుండా పోయాయి. అరుపులు మాత్రం మిగిలాయి.

అతనిదీ కంప్యూటర్ ఉద్యోగమే. ఎవరి కోసం ఏం చేస్తున్నాడో పెళ్ళానికి కూడా చెప్పకూడదని కంపెనీవాళ్ళు సంతకం పెట్టించుకున్నారట. ఇచ్చిన మాటల్లో మొగుడు ఆ ఒక్కటే నిలబెట్టుకున్నాడని ఆమె దెప్పుతూ ఉండేది.

ఆమె పని ఆఫీసులోని పెట్టెల లెక్క చూడటం. పెట్టెలంటే స్విచ్‌లు, రౌటర్లు. కొత్తగా ఒక సర్వే ప్రోగ్రాం తెచ్చారు. అది తనంతట తానే నెట్‌వర్క్ అంతా తిరిగి, ప్రతి పెట్టెనీ పలకరించి, పేరు రాసుకొస్తుంది. రాసుకురావడం బాగానే ఉంది. ఒక్కో పేరూ రెండేసిసార్లు రాసుకొచ్చింది.

ఒక పెట్టెకి రెండు అడ్రసులుంటే రెండుచోట్లా పలుకుతుంది కదా, అదే అయివుంటుందనుకుంది. అలాంటివన్నీ ఏరి కలిపేసింది. మర్నాటికి ఇంకొన్ని వచ్చాయి. వీటికి పేరు ఒకటే, సీరియల్ నంబర్లు వేరు. చెరిపేసింది. మళ్ళీ పుట్టాయి. సంగతేమిటో తేల్చుకుందామని గంటకోసారి సర్వే పెట్టింది. గంటకో కాన్పు అయింది.

ఇవాళ మేనేజరు పొద్దున్నే స్పీకర్లోకి వచ్చాడు.

“మేడమ్, మీరు పెట్టెల్ని లెక్కపెడుతున్నారా, పెంచుతున్నారా?”

“లెక్కే సార్. కానీ...”

“లెక్క కాదు, లెక్కలేనితనం. సాయంత్రానికి నకళ్ళు పోవాలి. పోకపోతే మీరు పోతారు. మీక్కూడా ఒక నకలు చూసిపెట్టాను లెండి. రేపట్నుంచి మీ కుర్చీలో కూర్చుంటుంది.”

ఆమె కళ్ళు తుడుచుకుని సర్వే మీట నొక్కింది.

కాసేపటికి గోడ అవతల మొగుడి గొంతు లేచింది.

“ఇంకో నాలుగు పెట్టండి!”

అత్తగారు డబ్బా తీసి, నాలుగు బిస్కెట్లు పళ్ళెంలో పెట్టి కొడుకు బల్ల మీద ఉంచి వచ్చింది. చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించుకున్న కొడుకు తల తిప్పలేదు.

“ఇక్కడ నా ఉద్యోగం ఊడుతుంటే, అక్కడ అయ్యగారికి ఫలహారాలు!” కోడలు గోడ మీద చరిచింది. “నమలండి, బాగా నమలండి!”

“అమ్మా, దాన్ని నోరు మూసుకోమను!” అంది గోడ.

మళ్ళీ సర్వే. మళ్ళీ నకళ్ళు. మళ్ళీ గోడ అవతల కేక.

“ఇంకో నాలుగు పెట్టండి! ఎన్ని పెట్టినా చాలట్లేదు!”

“ఇదేం ఆకలిరా నాయనా!” అనుకుంటూ అత్తగారు మళ్ళీ డబ్బా తీసింది. మధ్యాహ్నానికి డబ్బా ఖాళీ అయింది. సాయంత్రానికి ఎదురింటివాళ్ళ డబ్బా కూడా.

చీకటి పడకముందే మేనేజరు మళ్ళీ స్పీకర్లో ప్రత్యక్షమయ్యాడు.

“పోయాయా మేడమ్, లేక మీరు వెళ్తున్నారా?”

“నకళ్ళన్నీ తీసేస్తాను సార్! ఇప్పుడే తీసేస్తాను!”

అంతే. అత్తగారు రెండు చేతులూ వెనక్కి దాచుకుని గుమ్మంలో నిలబడింది.

“తియ్యవే, తియ్యి! పొద్దుట్నుంచీ వింటున్నా. నా నగల మీద పడ్డావేం?”

“నగలు కాదత్తయ్యా, నకళ్ళు!” కోడలికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. “ఆఫీసులో ఉన్నది ఒక పెట్టె, నా లెక్కలో రెండు. వెతికినప్పుడల్లా ఇంకొన్ని పుడుతున్నాయి. అవి పోకపోతే నా ఉద్యోగం పోతుంది. మీ గాజులు నాకెందుకండీ?”

ఈలోగా కొడుకు కూడా వచ్చాడు. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో ముట్టని బిస్కెట్ల గుట్ట.

“ఏంటమ్మా ఇదంతా?” అని అడగబోయినవాడు కోడలి మాటలు విని ఆగిపోయాడు. చాలా రోజుల తర్వాత పెళ్ళాం మొహంలోకి సూటిగా చూశాడు.

“నీ సర్వే ఎప్పుడెప్పుడు తిరుగుతుంది?”

“గంటగంటకీ. మీకెందుకు?”

“కింది అంతస్తులో మొదటి పెట్టెతో మొదలెట్టి, ఒక్కదాన్నీ వదలకుండా, పై అంతస్తులో ఆగుతుందా?”

“అవును. మీకెవరు చెప్పారు?”

“అవును, ఎవరు చెప్పారు?” అన్నాడు స్పీకర్లో మేనేజరు.

“నా సంతకం సంగతి తర్వాత చూసుకుంటాను.” అతను పళ్ళెం బల్ల మీద పెట్టాడు. “అమ్మా, నేను పెట్టమన్నది బిస్కెట్లు కాదే, గంటగంటకీ ఎవడో దొంగ నీ కోడలి ఆఫీసులో ప్రతి పెట్టెనీ తడిమి పోతున్నాడని, వాణ్ణి పట్టుకోవడానికి అసలు పెట్టెల పేర్లే తగిలించి ఎరవేసిన ఉత్తుత్తి పెట్టెలు!”