మోగని మీటర్

పాత ఇనుము యార్డులో లారీ దించిన సరుకు మధ్య ఒక గుండు బయటపడింది. గుమ్మడికాయంత ఉంటుంది. ఇద్దరు పట్టినా లేవలేదు.

ఇనుము కోసే కట్టర్, గ్యాసు మంట వెలిగించబోయి ఆగాడు. ఇలాంటి మూత వేసిన సరుకును మీటరాయన చూడందే కొయ్యకూడదు. ఆ మీటరాయన అతనికి స్వయానా బావ, అక్క మొగుడు.

బావ వచ్చాడు. గుండు చుట్టూ రేడియేషన్ పసిగట్టే మీటర్ తిప్పాడు. పైన, పక్కన, అతుకు మీద. చప్పుడు లేదు.

"రేడియేషన్ లేదు. కొయ్యి."

అతని మాటా అంతే, మొహమూ అంతే. యార్డులో అందరూ బండరాయి అంటారు. పోయిన ఏడాది వానల్లో ఇలాంటి గుండునే కోసి, లోపలి రేడియేషన్ సోకి ముసలి కట్టర్ ప్రాణం పోగొట్టుకున్నాడు. అందరూ పారిపోతే, ఆ ముక్కలూ పొడీ ఎత్తి మూటగట్టింది బావ ఒక్కడే. కంట తడి కూడా పెట్టలేదు.

"ఆగు బావా. ఏమీ లేక మోగని మీటరూ, చచ్చి మోగని మీటరూ ఒక్కలాగే ఉంటాయి. అసలది బతికే ఉందా?"

"ఉంది. పొద్దున చూశా."

"దేంతో చూశావు? పాత పెట్రోమాక్స్ మాంటిల్ డబ్బాలో దాచేవాడివిగా. దాంట్లోనూ పిసరంత రేడియేషన్ ఉంటుందిగా, దగ్గర పెడితే మీటర్ కాస్త టకటకలాడేది. అది తే, నేనూ చూస్తా."

"ఎప్పుడో పోయింది."

"మరి రోజూ దేంతో చూస్తున్నావు?"

బావ మళ్లీ గుండు వైపే చెయ్యి చూపించాడు.

కట్టర్‌కు ఒళ్లు మండింది. "నీకేం, రాయివి! అక్క పురుడు పోసుకుని మూడు నెలలైంది. నీ కూతుర్ని ఒక్కసారన్నా ఎత్తుకున్నావా? వరండాలో పడక, వేరే కంచం. పిల్ల గుక్కపెడితే గుమ్మం అవతలే నిలబడి చూస్తావట! కన్నబిడ్డ మీద లేని అక్కర నా ప్రాణం మీద ఉంటుందా?"

చుట్టూ ఉన్నవాళ్లు తలలు దించుకున్నారు. బావ మొహంలో ఏ మార్పూ లేదు.

"మీటర్ బతికుందని చూపించు. అప్పుడే మంట పెడతా."

"దూరంగా జరుగు," అన్నాడు బావ.

చొక్కా బొత్తాలు విప్పి అతను తన రొమ్ముకు ఆనించుకోగానే, మీటర్ రేకుల కప్పు మీద వానలా టపటపా మోగింది.