దువ్వెన వెన్ను మీద రెండు గాట్లు

ఫెజ్ ఊరి మున్సిపాలిటీ నడవాలో, ముసలాయన బతూల్ చేసిన కొమ్ము దువ్వెనతో ముందు తన గడ్డం దువ్వుకున్నాడు.

తర్వాత దాని పళ్లని బొటనవేలితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. జేబులోంచి చిన్న చాకు తీసి, దువ్వెన వెన్ను మీద రెండు గాట్లు పెట్టాడు.

బతూల్ కెవ్వుమంది.

"బాగుందమ్మా," అన్నాడాయన, దువ్వెన ఆమె చేతికిస్తూ. "ఇంక నీకు దిగులు లేదు."

ఫోన్ మాట్లాడుతున్న గుమాస్తా జవాద్ లేచొచ్చాడు.

"వస్తువు పాడుచేసి పైన దీవెనలు కూడానా హాజీ? దిగు, కింద నీ పుదీనా వాడిపోతోంది."

ముసలాయన గేటు పక్కన పుదీనా కట్టలు అమ్ముకుంటాడు. ఆ నెలలో మెట్లెక్కి రావడం అది నాలుగోసారి. వచ్చినప్పుడల్లా ఒకటే మాట. కొమ్ముపని నేర్చుకుంటున్న అమ్మాయి చేసిన దువ్వెన ఒకటి చూపించమని.

జవాద్‌కి మనిషిని చూడగానే ఖరీదు కట్టే అలవాటు. ఊరికే వచ్చే దువ్వెన కోసం తిరుగుతున్నాడని కట్టాడు. మూడుసార్లు తిప్పి పంపాడు. నాలుగోసారి బతూల్ జాలిపడి తనే చూపించింది.

బతూల్‌కి ముప్పై నాలుగేళ్లు. విడాకులయ్యాక ఒక హోటల్లో దుప్పట్లు ఉతికేది. చేసేవాళ్లు కరువైన పని ఏదైనా నేర్చుకుంటే మున్సిపాలిటీయే గురువుని చూపించి, రెండేళ్లు భత్యమిచ్చి, చివర్లో బాగుచేసిన పాత సత్రంలో ఒక కొట్టు ఇస్తుందని విని, ఆ ఉద్యోగం వదిలేసింది.

తెలివి తక్కువ బేరమేమీ కాదు. ఊళ్లో కొమ్ము దువ్వెనలు చేసేవాడు బా అల్లాల్ ఒక్కడే మిగిలాడు. ఆయన తర్వాత తనొక్కతే.

రెండేళ్లు నిండడానికి మూడు నెలల ముందు బా అల్లాల్ పోయాడు. పనిముట్లని కొడుకులు పాత ఇనుము కింద తూకానికి వేసేశారు.

ఇక కొట్టు తాళం ఆమె చేతికి రావాలంటే దారి ఒకటే. ఆమె దువ్వెనని కొమ్ముపనివాళ్ల పెద్ద, అంటే అమీన్, చూసి ఒప్పుకోవాలి.

కుండలవాళ్లకి అమీన్ ఉన్నాడు. తోళ్లవాళ్లకీ ఉన్నాడు. కొమ్ముపనివాళ్ల అమీన్ ఎవరో మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. పనివాళ్లు కూర్చుని, ఫాతిహా ప్రార్థన చదివి ఎంచుకునే మనిషి కాగితాల్లోకి ఎందుకెక్కుతాడు?

జవాద్ వెళ్లి తోళ్లవాళ్ల అమీన్‌ని అడిగాడు. ఆయన నవ్వాడు.

"నేను అమీన్‌నని ఏ అమీనూ చెప్పుకోడు నాయనా. చెప్పుకుంటే పరువు పోయినట్టే. పక్కవాడు చూపించాలి."

చూపించగల పక్కవాళ్లలో ఆఖరివాడు బా అల్లాల్.

గాట్లు పడిన మర్నాడే గడువు. అమీన్ దొరక్కపోతే కమిటీయే చూసి తేలుస్తుందన్నారు. బతూల్ దగ్గరున్నది ఆ ఒక్క దువ్వెనే. ఇంకోటి చేద్దామంటే పనిముట్లు లేవు.

కమిటీలో ఒకాయన గాట్ల మీద గోరు పెట్టి చూశాడు. జవాద్ ఆమె తరఫునే మాట్లాడాడు. ఇది మతిలేని పుదీనా ముసలాయన చేసిన పని, అమ్మాయి తప్పు కాదన్నాడు. వాళ్లు తలూపి, 'వస్తువులో లోపం' అని రాశారు.

కొట్టు ఫోన్ కవర్లు అమ్మేవాడికి వెళ్లింది.

దువ్వెన బల్ల మీదే వదిలేసి బతూల్ కిందికి దిగింది. పుదీనా గంప ముందు ఆగింది.

"వాళ్లు చూశారా అమ్మా?" అని అడిగాడు ముసలాయన, ఆశగా.

"చూశారు. నీ గాట్ల వల్లే పోయింది. నీకేం అన్యాయం చేశాను తాతా?"

ఆయన మిగిలిన కట్టలన్నీ ఎత్తి ఆమెకివ్వబోయాడు. ఆమె తీసుకోలేదు.

మర్నాటినుంచి ఆయన గేటు దగ్గరికి రాలేదు. చలికాలం మొదట్లో పోయాడని, ఆయన చోట కూర్చున్న కోడలు చెప్పింది.

హోటల్లో బతూల్ చోటు ఎప్పుడో నిండిపోయింది. జవాద్ దయతలచి, మున్సిపాలిటీ మెట్లు తుడిచే పని ఇప్పించాడు.

ఒక ఉదయం పాత సామాన్ల వ్యాపారి బెన్నీస్ లైసెన్సు పని మీద వచ్చాడు. జవాద్ మీసం దువ్వుకుంటున్న దువ్వెన మీద ఆయన కన్ను పడింది. అమ్ముతావా అన్నాడు.

"పాడైన సరుకయ్యా బెన్నీస్. మళ్లీ నన్ను తిట్టుకుంటావు. ఆ గాట్లు చూడు."

బెన్నీస్ దాన్ని కిటికీ వెలుగులోకి తీసుకెళ్లాడు. వేలితో తడిమాడు.

"ఇలాంటివి నా దగ్గర రెండున్నాయి, నలభై ఏళ్లనాటివి. కొత్త దువ్వెన మీద చూడటం ఇదే. ఎవరు చేశారు?"

మెట్ల మీద బతూల్ తడిగుడ్డ పిండటం ఆపింది.

"ఎవరో ఆడమనిషిలే," అన్నాడు జవాద్, అటు చూడకుండా. "గాట్ల సంగతి చెప్పు."

"పని నెగ్గిన దువ్వెన మీదే ఈ రెండు గాట్లు పడతాయి జవాద్, పెట్టే హక్కు ఊరంతటికీ ఒక్క అమీన్‌కే."