పది నిమిషాల పెద్దవాడు

“చక్కెర వేసి నా చేతిలో పెట్టేయమ్మా, చెంచాతో పనిలేదు. అదే కలిసిపోతుంది” అన్నాడు అన్నయ్య, వణుకుతున్న చేతిని చాచి.

కప్పు అందిస్తున్న మరదలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. ఆసుపత్రి వరండాలో పక్క కుర్చీలో కూర్చున్న తమ్ముడికి ఒళ్లు మండిపోయింది. అలా నవ్వింది అతని భార్యే. వణుకు తన చేతికీ ఉంది. తన టీ మాత్రం మూత బిగించిన గ్లాసులో, మాటా పలుకూ లేకుండా వచ్చింది.

“దీని మీద కూడా జోకులేనా?” అని కసిరాడు.

“ఏడిస్తే ఆగుతుందేంట్రా?”

“చూడండి, బావగారు ఎంత ధైర్యంగా ఉన్నారో” అంది భార్య.

బావగారు! రెండేళ్లుగా చెవిలో ఇదే జోరీగ. బావగారు నడకకి వెళ్తున్నారు. బావగారు బుద్ధిగా తింటున్నారు. బావగారు నవ్వుతున్నారు. ఈమధ్య తను గదిలోకి అడుగు పెట్టగానే వాళ్లిద్దరి గుసగుసలు టక్కున ఆగిపోవడం కూడా అతను గమనిస్తూనే ఉన్నాడు. ముప్పై ఏళ్ల కాపురంలో తన మాటకి ఎప్పుడైనా అలా నవ్విందా ఈవిడ?

వాళ్లు కవలలు. పది నిమిషాల తేడా. నలభై ఏళ్లు ఇద్దరూ కలిసి దుకాణాల బోర్డులు రాశారు. అన్నయ్య బొమ్మలు వేస్తే తమ్ముడు అక్షరాలు దిద్దేవాడు. పార్కిన్సన్స్ ముందు అన్నయ్యని పట్టుకుంది, ఏడాది తిరక్కుండా తమ్ముడి దగ్గరికీ వచ్చింది. కుంచెలు మూలపడ్డాయి. జబ్బు ఇద్దరికీ సమానమే గానీ, దిగులు మాత్రం మొత్తం తన వాటాకే పడిందని తమ్ముడి బాధ. పొద్దున లేవబుద్ధి కాదు. మనవరాలు వచ్చి మీద పడ్డా పలకబుద్ధి కాదు. దిగులు తగ్గడానికి డాక్టరమ్మ రాసిచ్చిన మాత్రల్ని ముట్టనైనా ముట్టలేదు. “మా అన్నయ్య మింగుతున్నాడా? వాడికి అక్కర్లేనిది నాకెందుకు?” అంటాడు.

అమ్మ నవ్వు వాడు కొట్టేశాడు, నాన్న దిగులు నాకు అంటగట్టారు. తేడా రక్తంలోనే ఉంది. ఇదీ అతని నమ్మకం. ఇద్దరి రక్తమూ జన్యువుల పరీక్షకి తీసుకుంటామన్నప్పుడు అందుకే ఎగిరి గంతేశాడు. ఆ కాగితం చేతికొస్తే భార్య మొహం ముందు ఆడించాలి. ‘ఇక మీ బావగారి భజన కట్టిపెట్టు’ అనాలి.

ముందు తమ్ముణ్ని ఒక్కణ్నే లోపలికి పిలిచారు. ఒకరి పరీక్ష ఫలితం ఇంకొకరికి చెప్పొచ్చని అన్నదమ్ములు ముందే సంతకాలు పెట్టి ఉన్నారు.

“మీరిద్దరూ ఒకే పిండం నుంచి విడిపోయిన కవలలండీ. జన్యువుల్లో తేడా దాదాపు లేనట్టే” అంది డాక్టరమ్మ. “దిగులు వైపు మొగ్గు చూపేవి కొన్ని మీలో ఉన్నాయి. మీలో ఉన్నవే ఆయనలోనూ ఉన్నాయి.”

“అదెలా కుదురుతుంది? మరి వాడికి దిగులేదీ?”

“జన్యువులు కాళ్ల కింద నేలని కాస్త ఏటవాలు చేస్తాయి, అంతే. దానికితోడు ఈ జబ్బే మెదడులో దిగులు పుట్టిస్తుంది. ఇందులో మీ తప్పేం లేదు. మందుకి లొంగుతుంది కూడా.”

“నేనడిగింది నా గురించి కాదమ్మా. వాడి గురించి!”

డాక్టరమ్మ ఫైలు మూసింది. “అది ఆయన్నే అడగండి.”

బయటికొచ్చేసరికి భార్య మందుల కౌంటరు దగ్గర వరసలో నిలబడి ఉంది. అన్నయ్య ఒక్కడే కూర్చున్నాడు. తమ్ముడు వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు.

“నీదీ నాదీ ఒకే రక్తమట. నాకు నిద్రలేస్తే చాలు, చావాలనిపిస్తుంది. నువ్వేమో ఊరందర్నీ నవ్విస్తావు, చివరికి నా పెళ్లాన్ని కూడా! ఏం తిని నవ్వుతున్నావు అన్నయ్యా?”

“మాత్రలు” అన్నాడు అన్నయ్య. ఈసారి నవ్వలేదు. “మూడేళ్లుగా. నువ్వు ముట్టనన్నావే, అలాంటివే.”

తమ్ముడు పక్క కుర్చీలో కూలబడ్డాడు.

“వదినకి తెలుసా?”

“తెలీదు. నీకూ చెప్పనివ్వలేదు. పది నిమిషాలైనా పెద్దవాణ్ని కదరా, నీ ముందు చులకనైపోతానని సిగ్గు. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాను.”

“ఎవరి చేత?”

అన్నయ్య మందుల కౌంటరు వైపు చూశాడు.

“నేను మేడ మీద పిట్టగోడ ఎక్కిన రోజు, నా కాళ్లు రెండూ వాటేసుకుని కిందికి లాగి, మర్నాడే ఇక్కడికి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది నీ పెళ్లామేరా.”