తొలి చుక్క

కోడలు కాఫీ తాగిన గ్లాసును శకుంతలమ్మ చీపురుతో నెట్టుకుంటూ పెరట్లోకి తీసుకుపోయింది. దాన్ని చేత్తో మాత్రం తాకలేదు.

కోడలు పంకజాక్షికి నెలలు దగ్గరపడ్డాయి. చిత్తూరు డాక్టరమ్మ ఆమె రక్తాన్ని వేలూరుకు పంపించి పరీక్ష చేయించింది. అందులో కామెర్ల రోగం ఉందని తేలింది. ఆ రకానికి కళ్లు పచ్చబడవట, జ్వరం రాదట. ఏళ్ల తరబడి రక్తంలో దాక్కుని, కాపురంలో ఒకరి నుంచి ఒకరికి, కాన్పులో తల్లి నుంచి బిడ్డకు అంటుకుంటుందట. పుట్టిన వెంటనే బిడ్డకు సూదులు వేస్తే కాపాడుకోవచ్చని చెప్పి, డాక్టరమ్మ ఇంట్లో అందరి రక్తమూ తీసుకుంది.

ఆ రోజు నుంచి నగరిలోని ఆ మగ్గాల ఇంట్లో పంకజాక్షికి కంచం వేరు, చాప వేరు. నూలు కండెలు కూడా ముట్టనివ్వలేదు.

"నన్ను కూడా పొరకతోనే నెట్టు మా," అన్నాడు కొడుకు ధనంజయ. "నేనూ దాంతోనే గదా కాపురం చేసేది."

"నోరు ముయ్యిరా. పుత్తూరు వియ్యాలోళ్లను సారె తెమ్మంటే రోగం తెచ్చి నట్టింట్లో పెట్టినారు."

పంకజాక్షి గోడవైపు తిరిగి పడుకుంది.

చిత్తూరులో కాన్పయింది. మగబిడ్డ. మద్రాసు నుంచి మంచుపెట్టెలో తెప్పించిన మందును ఆ చిట్టి తొడల్లోకి ఎక్కించారు. బిడ్డ కెవ్వుమన్నాడు.

శకుంతలమ్మ మనవణ్ణి ఒళ్లో వేసుకుని చక్కెర నీళ్లలో వేలు ముంచింది. నాలుక మీద తొలి చుక్క ఎవరు వేస్తే వాళ్ల గుణాలే బిడ్డకు వస్తాయని ఆ ఇంటి నమ్మకం.

"అవి వద్దమ్మా. తల్లిపాలే పట్టించండి," అంటూ డాక్టరమ్మ లోపలికి వచ్చింది.

"థూ, ఆ పాలా? దాని ఒంట్లోది ఒక్క చుక్క కూడా వీడికి రాకూడదు డాక్టరమ్మా. వీడు వాళ్ల నాయన మాదిరి, నా మాదిరి ఉండల్ల."

డాక్టరమ్మ తలుపు దగ్గరున్న ధనంజయను చూసింది.

"మీ ఇంట్లోవాళ్ల రక్తం సంగతి తెలిసింది. మీ అబ్బాయికీ ఉందమ్మా."

"అయ్యో, నా కొడుక్కి గూడా అంటించేసిందా, పాడుముండ."

"లేదమ్మా, మీ అబ్బాయి పుట్టినప్పుడు ఈ సూదులు లేవు, అందుకే మీ రక్తంలోది ఆయనకు, ఆయన నుంచి మీ కోడలికి వచ్చింది."