మూత తీయకూడని పెట్టె

"ఇంకో జానెడు పైకి ఎత్తు నాన్నా," అంది కూతురు ఫోన్లో, గేటు పక్క గది గుమ్మంలో నిలబడి.

ఐదంతస్తుల పైన, డాబా మీద, నీళ్ల ట్యాంకును ఆనుకుని ఉన్న వాచ్‌మన్ ప్లాస్టిక్ గొట్టాన్ని మరో జానెడు ఎత్తాడు. గొట్టం చివర చిన్న రాగితీగ. అదే యాంటెన్నా. కింద ఆమె రెండో చేతిలోని చిన్న తెర మీద అంకెలు వెలిగాయి. ట్యాంకులో నీళ్లు సగం ఉన్నాయి.

"అందింది. కదలకు. అక్కడే కట్టెయ్."

పదిహేను రోజులుగా ఆమెను ఏడిపించింది ఆ అంకెల కబురు కిందికి అందకపోవడమే. ట్యాంకు ఇనుముది, దాని కింద కాంక్రీటు. ఆమె చేత్తో చేసిన పెట్టె నీటి మట్టం కొలిచి గాలిలో పంపితే అది మూడో అంతస్తు దాటేది కాదు. పెట్టెలోని రేడియో బలం పెంచితే కబురు కిందికి దిగింది గానీ బ్యాటరీ సెల్స్ మూడు రోజులకే చచ్చాయి. చివరికి యాంటెన్నాను ఎత్తుకు చేర్చి, పెట్టె పావుగంటకోసారి మేలుకొని కబురు పంపి మళ్లీ నిద్రపోయేలా మార్చింది. ఇప్పుడు రెండు సెల్స్ నాలుగు నెలలు రావాలని లెక్క. ఆ లెక్క మూడుసార్లు వేసుకుంది.

డిప్లొమా చేసి మూడేళ్లయినా ఉద్యోగం దొరకని పిల్ల. బిల్డింగు సెక్రటరీ కళ్లకు మాత్రం ఎప్పటికీ వాచ్‌మన్ కూతురే. అందుకే అందరి ముందూ నవ్వుతూ షరతు పెట్టాడు. అరవై రోజులు మూత తీయకూడదు, సెల్స్ మార్చకూడదు. అప్పటిదాకా పెట్టె పనిచేస్తే అపార్టుమెంట్లలోని పన్నెండు బ్లాకులకూ ఆమె చేతే పెట్టిస్తాడు, వాటిని చూసుకునే ఉద్యోగమూ ఆమెకే. చేయకపోతే మళ్లీ ఆ ఊసెత్తకూడదు.

మూత బిగించేముందు తండ్రి రెండు సెల్స్‌నీ చేతిలోకి తీసుకున్నాడు. ఒక్కోదానికీ తెల్ల టేపు ముక్క అంటించి దాని మీద ఆనాటి తేదీ వేశాడు. బల్బు మార్చినా, కుళాయి మార్చినా ఆయనకదే అలవాటు. బిల్డింగు నిండా ఆయన వేసిన తేదీలే.

"వాటికి జాతకం రాస్తున్నావా నాన్నా?"

"ఎప్పుడు పెట్టామో తెలియాలి కదమ్మా," అన్నాడు.

నీళ్లు చూడటానికి రోజుకు నాలుగుసార్లు మెట్లెక్కే మనిషికి ఇక ఆ బాధ తప్పిందని ఆమె సంబరపడింది. ఆయన ఎక్కడం మానితేగా! రెండు రోజులకోసారి కొలకర్ర పట్టుకుని, కుంటుకుంటూ డాబా మీదికి వెళ్లొచ్చేవాడు. తెర మీద అంకెలు కనిపిస్తుంటే కర్రెందుకని అడిగితే, కర్రతో చూసుకుంటే గానీ తృప్తి ఉండదన్నాడు.

ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. పైవాళ్లు నమ్మకపోతే సరే, కన్నతండ్రి కూడానా? గేటు దగ్గర ఆయన వినే చిన్న రేడియో కూడా ఆ మధ్య మూగబోయింది. అన్నీ ప్రకటనలే, విసుగొచ్చిందన్నాడు. పెట్టె వల్ల తన పని పోతుందన్న దిగులు ఆయన్ని తినేస్తోందని ఆమెకు అర్థమైంది.

మూడో వారం చివర్లో మోకాలు వాచి ఆయన మూడు రోజులు మంచం దిగలేదు. ఇరవై మూడో రోజు పొద్దున ఆమె లేచేసరికి మంచం ఖాళీ. తెర కూడా ఖాళీ. ఒక్క పరుగున ఐదంతస్తులూ ఎక్కింది. పెట్టె పక్కన తండ్రి, చేతిలో స్క్రూడ్రైవరు. ఆమెను చూసి దాన్ని జేబులో దాచాడు. ఆమె చేతిలోని తెర అప్పుడే వెలిగింది.

"ఏం చేస్తున్నావు?"

"మూత వదులైతే బిగించానమ్మా."

"బిగించావా, విప్పావా? ఇది గెలిస్తే నీ పని పోతుందని భయం నీకు. అవునా కాదా?"

ఆయన ట్యాంకుకు ఆనించిన కొలకర్ర అందుకున్నాడు. "ఇక ముట్టుకోనులే," అన్నాడు. ఆ రోజు నుంచి ఇద్దరి మధ్యా మాటలు తగ్గిపోయాయి. కర్రతో డాబా ఎక్కడం మాత్రం ఆయన మానలేదు.

అరవై రోజులు గడిచాయి. సెక్రటరీ అందరి ముందూ చప్పట్లు కొట్టి ఉద్యోగం కాగితం ఆమె చేతిలో పెట్టాడు. ఆ నోటితోనే, నీళ్లు చూడటానికి ఇక మనిషి అక్కర్లేదు, గేటుకు కెమెరా ఉంది, వాచ్‌మన్ దండగ అన్నాడు. మరి నాన్న సంగతేమిటని అడగాలనుకుంది. చేతిలో కాగితం ఉంది. అడగలేదు.

మూడు బస్సులు మారితే గానీ చేరని ఒక గోదాములో తండ్రికి కాపలా పని దొరికింది. బయల్దేరే రోజు పొద్దున సంచి గుమ్మంలో పెట్టి, కర్ర పట్టుకుని మళ్లీ డాబా ఎక్కాడు. ఆఖరి రోజూ నమ్మకం కుదరలేదన్నమాట. ఆమె పిలవలేదు. ఆయన దిగి వచ్చి, "జాగ్రత్త తల్లీ," అని వెళ్లిపోయాడు.

నాలుగో రోజు తెర ఆరిపోయింది. మిగతా బ్లాకుల పెట్టెలు చేయడంలో పడి ఆమె చూసుకోలేదు, పైకెక్కి చూసే మనిషీ లేడు. ట్యాంకు ఎండిపోయి ఐదంతస్తుల వాళ్లూ బకెట్లతో కిందికి దిగారు.

"అరవై రోజులు లక్షణంగా నడిచింది. మీ నాన్న అటు పోగానే ఆగింది," అన్నాడు సెక్రటరీ. "కడుపుమంటతో ఏదైనా చేసిపోయాడా అమ్మాయ్?"

అందరూ ఆమె వైపే చూస్తున్నారు. మిగతా పదకొండు పెట్టెలూ ఆమె బల్ల మీద సిద్ధంగా ఉన్నాయి.

"చేసే ఉంటాడు," అంది. "ఇదివరకు ఒకసారి నేనే పట్టుకున్నాను."

అన్న మాట వెనక్కి తీసుకోలేదు. రుజువు చూపిస్తానని అందరినీ వెంటబెట్టుకుని డాబా ఎక్కి, మూత విప్పింది. తీగలు తెగలేదు. ఏదీ చెక్కుచెదరలేదు. సెల్స్ మాత్రం చచ్చి ఉన్నాయి. వాటిని బయటికి లాగి, వెలుతురులోకి తిప్పింది.

తెల్ల టేపు మీద ఉన్నది, తండ్రి వెళ్లిపోయిన రోజు తేదీ.