జంపయ్య పోడు

గుట్ట మీద ఎవడో గుంతలు తవ్వుతున్నాడని తెలియగానే వీరబాబు జీపు బూర్గంపాడు నుంచి మూడో గేరులోనే బయల్దేరింది.

అది 2006 జూన్. తొలకరి ఇంకా పడలేదు.

వీరబాబు, ‘సంప్రదాయమే మా జెండా’ అని చెప్పుకునే పార్టీకి మండల అధ్యక్షుడు.

గుట్ట మీదున్నది జంపయ్య పోడు. అడవి కొట్టి చేసుకున్న రెండెకరాల చేను.

ఆ రెండెకరాల మీద వీరబాబు నాలుగేళ్ళలో రెండు వందల ఉపన్యాసాలిచ్చాడు. ఎకరానికి వంద చొప్పున.

“జంపయ్య పోడు జోలికొస్తే నా శవం మీదికెళ్ళి పోవాలె!” అన్నప్పుడల్లా చప్పట్లు. జిల్లా అధ్యక్ష పదవి ఆ చప్పట్లకే వస్తుందని ఆయన నమ్మకం.

జంపయ్యను మాత్రం ఎన్నడూ చూడలేదు. ఉపన్యాసానికి ఆ అవసరం పడలేదు.

పోడు చేలో ఫారెస్టువాళ్ళు గుంతలు తవ్వి మొక్కలు పెట్టారంటే ఆ చేను ఇక సర్కారుదే. అందుకని ఆ వైపు మొక్క పట్టుకున్న మనిషిని, తుపాకి పట్టుకున్న మనిషికంటే దూరం నుంచి గుర్తుపడతారు.

గుట్ట మీద ఒక బక్కపలచని మనిషి గడ్డపార ఆనుకుని నిలబడి ఉన్నాడు. సగం మొక్కలు పాతేశాడు. మిగతావి గంపలో ఉన్నాయి. అన్నీ ఇప్ప మొక్కలు.

“ఎవనివిరా నువ్వు? ఫారెస్టు కూలోనివా?” జీపు దిగకముందే అరిచాడు వీరబాబు.

“కాదు దొరా. చెట్లు పెడుతున్న.”

“అది కనబడుతనే ఉంది. ఎందుకు?”

“గుట్ట బోడయినంక కింద వాగు ఎండింది. ఎండలు గూడ ముందట్లెక్క లెవ్వు. వానకు తారీఖు తప్పింది.”

వీరబాబు డ్రైవర్ భద్రు వైపు తిరిగాడు. “విన్నవా? ఈయన గూడ గ్లోబల్ వార్మింగే!”

“టీవీల చూసిండేమో అన్నా.”

“టీవీ లేదు దొరా,” అన్నాడు ఆ మనిషి. “వాగు చూసిన.”

“ఎండా వానా దేవుడి చేతిల ఉంటయ్, నీ గడ్డపార చేతిల గాదు. బీదోళ్ళ భూములు గుంజుకోనీకి ఫారినోళ్ళు పుట్టించిన మాటరా ఇది. ఇది ఎవరి చేనో ఎర్కేనా?”

“ఎవరిది దొరా?”

“జంపయ్యది!”

ఆ మనిషి ఆయన మొహంలోకి చూశాడు.

“జంపయ్య నీకు ఎర్కనా?”

“ఎర్కనా అంటవేంది! ఒక్క కంచంల తిన్నం. నా తమ్ముడసొంటోడు.”

“గట్లనా,” అన్నాడు ఆ మనిషి.

ఇంకేదో చెప్పబోయాడు గానీ, అప్పటికే భద్రు గడ్డపార గుంజుకుని, మనిషిని జీపులోకి నెట్టాడు.

“మళ్ళ ఈ చేన్ల అడుగు పెట్టినవనుకో, జంపయ్య ఊకున్నా నేను ఊకోను!”

పాతిన మొక్కలు కూడా పీకిద్దామనుకున్నాడు వీరబాబు. ఎండ మరీ ఎక్కువగా ఉందని మానుకున్నాడు.

ఆ మనిషిని భద్రాచలం వంతెన అవతల దించేశారు. సాయంత్రానికి రెండు వందల ఒకటో ఉపన్యాసం అయింది.

రెండేళ్ళ తర్వాత హైదరాబాదు నుంచి పార్టీ ఫోను.

“ఇగ వాతావరణం మన సబ్జెక్టు. చదువుకున్న పిల్లల వోట్లు అటే ఉన్నయంట. పెద్దాయన వస్తున్నడు. చెట్లు పెంచినోళ్ళను స్టేజీ ఎక్కించుండ్రి.”

ఫోను పెట్టేలోపే వీరబాబు పర్యావరణవేత్త అయిపోయాడు.

“ఎండా వానా దేవుడి చేతిల ఉంటయన్నవు గదన్నా?” అడిగాడు భద్రు.

“ఇప్పుడు గూడ దేవుడి చేతిలనేరా. మనం జర సాయం జేస్తున్నం.”

మండలమంతా గాలించారు. చూపించడానికి ఒక్క తోట దొరకలేదు. చివరికి జంపయ్య గుట్ట ఎక్కారు.

నడుమెత్తు ఇప్ప మొక్కలు, వరసలు వరసలుగా. మండే ఎండలోనూ మొదళ్ళలో తడి ఆరలేదు.

వీరబాబు వాటి మధ్య చాలాసేపు నిలబడ్డాడు. నోట్లోంచి ఉపన్యాసం రాలేదు. భద్రు భయపడ్డాడు.

“ఆ గడ్డపార మనిషిని దేవులాడాలె భద్రూ.”

“పెద్దాయన కోసమా అన్నా?”

“కాదురా. నా కోసం.”

రెండు శాలువాలు కొన్నాడు. ఒకటి మొక్కలు పెట్టిన మనిషికి. ఇంకొకటి జంపయ్యకు, కొత్తగా వచ్చిన అటవీ హక్కుల చట్టం కింద ఆయన పోడుకు పట్టా వచ్చింది మరి.

జీపు మొదటిసారి గుట్ట కింది గూడెంలోకి వెళ్ళింది. జంపయ్య ఇల్లేదని అడిగితే, నీళ్ళబిందెతో గుట్టకేసి పోతున్న ఒకామె ఎదురొచ్చింది.

“జంపయ్య భార్యను. రామక్క అంటరు.”

“జంపయ్యను పిలువు అక్కా. పట్టా వచ్చింది.”

“లేడు దొరా. పోయిన ఎండకాలం తల్లాడ అవతల రోడ్డు పనికి పోయిండు. వడదెబ్బ తగిలి ఆడనే పాణం ఇడిసిండు.”

“సొంత చేను పెట్టుకొని రోడ్డు పనికెందుకు పోయిండు?”

“చేన్ల అడుగు పెట్టొద్దన్నరంట.”

“ఎవరన్నరు? ఫారెస్టోళ్ళా? నేనుండంగనే?”

రామక్క బిందెను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది.

వీరబాబు కళ్ళు నిజంగానే చెమర్చాయి. ఒక శాలువా ఆమె చేతిలో పెట్టాడు.

“ఇంకొక్క మాట అక్కా. గుట్ట మీద ఆ ఇప్ప మొక్కలు పెట్టినాయన ఎవరు? ఏడున్నా నేనే పోయి ఈ రెండో శాలువా కప్పుత.”

రామక్క బిందె కింద పెట్టి, నిదానంగా అంది.

“రెండు శాలువాలెందుకు దొరా? నాకున్న పెనిమిటి ఒక్కడే.”